నవాసాగరం

పోయిన నెల పనుండి పాతబస్తీ వైపు వెళ్ళాను. ఒక ఫంక్షన్ హాలు పక్క సందులో బిర్యానీ దేగులకి కళాయి పూస్తున్నారు. పెద్దాయన పట్టకారుతో రాగి దేగుని నిప్పుల మీద తిప్పుతుంటే కుర్రాడు పక్కన కూర్చుని బ్లోయర్ తిప్పుతున్నాడు. రాగి బాగా కాలాక పెద్దాయన లోపల తెల్లటి పొడి చిటికెడు చల్లాడు. గుప్పున పొగ లేచింది. ముక్కులోంచి తిన్నగా నడినెత్తికెక్కే ఆ ఘాటు తగలగానే బండి పక్కన ఆపేశాను.

నవాసాగరం. పుస్తకాల్లో అమ్మోనియం క్లోరైడ్. మా మాస్టారు ఆ మాటని విడగొట్టి పలికేవారు. "నవ... సాగరం. కొత్త సముద్రంరా! కిరాణా కొట్లో రెండు రూపాయలకి పొట్లం కట్టి ఇస్తున్నాడు. ఇంకేం కావాలి మనకి?"

మాస్టారంటే బడి పంతులు కాదు. ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో గ్లాస్ బ్లోయర్. పిల్లలు పగలగొట్టిన కండెన్సర్లు అతకడం, ప్రొఫెసర్లు కాగితం మీద గీసిచ్చిన వంకర గొట్టాలు ఊదిపెట్టడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక వైజాగ్ వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని, ఇకమీదట నాకిష్టమైందే ఊదుకుంటానని కూర్చున్నారు. ఆయనకిష్టమైంది సముద్రం. కెరటం, చేప, పీత, జెల్లీఫిష్, వల, తెప్ప. గాజూ లోహమూ కలిపి ఇవే చేసేవారు. నెమళ్ళూ తాజ్‌మహళ్ళూ కావాలని ఎవరైనా వస్తే "ఎగ్జిబిషన్‌లో దొరుకుతాయండి" అని పంపేసేవారు. పని ఒప్పుకున్నారంటే ముందు వాళ్ళింటికి వెళ్ళి గోడ చూడాలి. ఆ గోడ మీద ఎండ ఏ వేళకి పడుతుందో, ఎంతసేపుంటుందో చూడాలి. ఒక్కోసారి పొద్దున్న వెళ్ళి, ఇంటివాళ్ళు పెట్టిన టిఫిన్ తిని, భోజనమూ చేసి, సాయంత్రం దాకా గోడ వంక చూస్తూ కూర్చునేవారు. ఒకసారి చేసింది ఎంత డబ్బిస్తామన్నా మళ్ళీ చేసేవారు కాదు.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ తప్పి ఇంట్లో ఉన్న రోజులవి. మా అమ్మ నన్ను తీసుకెళ్ళి "అన్నయ్యగారూ, వీడు ఇంట్లో ఉండి నా ప్రాణాలు తోడేస్తున్నాడు. మీ దగ్గర కూర్చోబెట్టుకోండి" అని అప్పగించింది. ఆయన కూర్చోబెట్టలేదు. మొదటి నెలంతా సీసాలు కడిగించారు. గోలీసోడా సీసాలు, బీరు సీసాలు, మందుల షాపుల్లోంచి తెచ్చిన నీలం సీసాలు. కాగితాలు నానబెట్టి గీకి, రంగుల వారీగా గంపల్లో వేయడం. డిగ్రీ చదివి ఇదేం ఖర్మరా అనుకునేవాణ్ణి, డిగ్రీ పాసవ్వలేదన్న సంగతి మరిచిపోయి.

* * *

షెడ్డులో గోడ గడియారం ఉండేది కానీ నడిచేది కాదు. దాని అవసరం పడలేదు కూడా. వన్‌టౌన్‌లో మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న, రాస్ హిల్ మీద మేరీమాత. చీకటుండగానే అజాన్, తరవాత సుప్రభాతం, ఆ తరవాత చర్చి గంట. వాటిని బట్టే బట్టీ ఎప్పుడు వేశామో, ఎప్పుడు తగ్గించాలో లెక్క. మధ్యలో పోర్టులోంచి ఓడ కూత వినపడితే మాస్టారు పని ఆపకుండానే "ఖనిజానికొచ్చిందిరా", "ఇది నేవీది" అని చెప్పేసేవారు. నిజమో కాదో మాకెలా తెలుస్తుంది?

వీటన్నిటి కిందా ఎడతెగకుండా టార్చి చప్పుడు. గ్యాసూ ఆక్సిజనూ కలిసి స్స్‌మని. ఇంటికెళ్ళి పడుకున్నా చెవుల్లో అదే ఉండేది.

మాస్టారికి రెండు జతల కళ్ళజోళ్ళుండేవి. ఒకటి చత్వారానికి. రెండోది లేత వంకాయ రంగు అద్దాలది, మంట దగ్గర పెట్టుకునేది. మొదటిసారి అది నాకిచ్చి చూడమన్న రోజు బాగా గుర్తుంది. వట్టి కళ్ళతో చూస్తే, గాజు మంటలో పెట్టగానే పసుప్పచ్చటి వెలుగు భగ్గుమంటుంది. గాజులో ఉన్న సోడియం చేసే పని అది. ఆ పసుపులో గాజు కనపడనే కనపడదు. కళ్ళజోడు పెట్టుకుంటే పసుపంతా ఎవరో తుడిచేసినట్టు పోయి, మంట మధ్యలో గాజు కడ్డీ కొస ఎర్రగా, మెత్తగా, బొట్టు కట్టడానికి సిద్ధంగా కనపడింది. "డిడిమియం అంటార్రా. ఆ అద్దంలో కలిపేవి మన భీమిలి ఇసకలో దొరికే మోనజైట్‌లో కూడా ఉంటాయి" అన్నారు.

గాజు ఎంత కాగిందో చెప్పడానికి ఆయన దగ్గర డిగ్రీల లెక్క లేదు, పాకాల లెక్కే. ఉండపాకం, తీగపాకం, లేతపాకం. ఉండపాకం దగ్గర పటకారుతో నొక్కితే చేప రెక్క వస్తుంది. తీగపాకం దగ్గర లాగితే వెంట్రుకంత సన్నగా షెడ్డు ఈ చివర్నించి ఆ చివరికి సాగుతుంది. జెల్లీఫిష్ మీసాలు అలా లాగినవే. బెల్లం పాకానికి ఇది పూర్తిగా తలకిందులు. బెల్లం కాగేకొద్దీ ముదురుతుంది, గాజు కాగేకొద్దీ లేతబడుతుంది. ఈ మాట నేనంటే "మీ అమ్మకి అరిసెలు నేర్పించకు మరి" అన్నారు.

* * *

భీమిలి ఇసక మాట ఎత్తారు కాబట్టి నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. గాజు ఇసకతో చేస్తారని ఎవరికి తెలీదు? మనకి ఊరంతా ఇసకే, మరి ఫిరోజాబాద్ నుంచీ, స్క్రాపు కొట్ల నుంచీ గాజు కొనుక్కోవడం ఏమిటని నాకో గొప్ప ఆలోచన వచ్చింది. మాస్టారు ఊళ్ళో లేని రోజు చూసి, బీచిలోంచి సంచీడు ఇసక తెచ్చి మూసలో పోసి బట్టీలో పెట్టాను. సాయంత్రం దాకా కాలింది. తీసి చూస్తే ఇసక ఇసకలాగే ఉంది, కాస్త నల్లబడి.

మాస్టారు వచ్చి ఆ మూస చూసి చాలాసేపు నవ్వారు. ఇసక ఒంటరిగా కరగాలంటే 1700 డిగ్రీలు కావాలి, మన బట్టీ వెయ్యి దగ్గరే ఆయాసపడుతుంది. అందుకే ఇసకలో సోడా కలుపుతారు, సోడా ఇసకని లొంగదీస్తుంది. సున్నం కలపకపోతే ఆ గాజు నీళ్ళలో కరిగిపోతుంది. ఇదంతా చెప్పి, మర్నాడు నన్ను బీచికి తీసుకెళ్ళి కెరటం వెనక్కి పోయాక మిగిలే నల్ల చారలు చూపించారు. "ఇది ఇల్మనైట్, ఇందులో ఇనుం ఉంటుంది. ఆ ఎర్రది గార్నెట్. మన సముద్రం ఇసక గాజుకి పనికిరాదురా. చూడ్డానికి పనికొస్తుంది." ఆ నల్ల చారల్ని ఒక కాగితం మీద బొమ్మ వేసుకున్నారు. తరవాత ఒక డాక్టరుగారి మెట్ల కిటికీకి చేసిన అద్దంలో అవే చారలు రాగి రేకు ముక్కలై కనిపించాయి. రెండు గాజు పలకల మధ్య రాగి రేకు పెట్టి కాలిస్తే అది ముదురు మెరూన్ రంగుకి తిరుగుతుంది, గాలి తగిలిన అంచుల్లో నల్లబడుతుంది.

* * *

షెడ్డు తలుపు వెనక ఒక ఫొటో జిరాక్సు అంటించి ఉండేది, అంచులు పచ్చబడి. సముద్రంలో పువ్వులా విచ్చుకునే సీ ఎనిమోన్. నేనది ఫొటో అనుకున్నాను. గాజు బొమ్మట. లియోపోల్డ్ బ్లాష్కా, రుడాల్ఫ్ బ్లాష్కా అని తండ్రీ కొడుకులు. బొహీమియా వాళ్ళు, జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర ఉండేవారు. మాస్టారు వాళ్ళ గురించి సొంత పెదనాన్న సంగతులు చెప్పినట్టు చెప్పేవారు. 1853లో తండ్రి అమెరికా ప్రయాణమైతే నడిసముద్రంలో గాలి పడిపోయి ఓడ రోజుల తరబడి కదల్లేదట. రాత్రిళ్ళు నీళ్ళలో వెలిగే జెల్లీఫిష్‌లను చూస్తూ, బొమ్మలు వేసుకుంటూ కూర్చున్నాడట. పదేళ్ళ తరవాత డ్రెస్డెన్ మ్యూజియం వాళ్ళకి సముద్రపు జీవుల్ని గాజులో చేసిచ్చాడు. స్పిరిట్ సీసాలో వేస్తే జెల్లీఫిష్ రంగూ పోతుంది, రూపమూ పోతుంది కదా. అందుకని ఎక్కడెక్కడి మ్యూజియంలూ కాలేజీలూ వాళ్ళ దగ్గర కొనేవి. ఆ తరవాత హార్వర్డ్ వాళ్ళు గాజు పువ్వులు చేయించుకున్నారు, ఆ పని 1936 దాకా నడిచింది.

"వాళ్ళూ ల్యాబ్ గాజు పనివాళ్ళే, మనలాగే" అనేవారు మాస్టారు. 'మనలాగే' అన్నందుకు నేను ఆ రోజంతా సీసాలు హుషారుగా కడిగాను.

* * *

ఇప్పుడు చిలుము సంగతి.

మా ఇంట్లో చిలుమంటే పండగ ముందు వచ్చే తద్దినం. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, దీపపు సెమ్మెలు అన్నీ వాకిట్లో పోగేసి చింతపండు, ఉప్పు, ముగ్గుపిండి వేసి తోమితే గానీ అమ్మకి పండగ రాదు. సముద్రం పక్క ఊరు, వారం తోమకపోతే పచ్చగా పట్టేసేది. అలాంటి చిలుముని మాస్టారు షెడ్డులో పెంచేవారు. పెరుగు తోడు వేసినట్టు, తడిచూస్తూ, మూతపెడుతూ.

ఇత్తడి రేకుని ఆకురాయితో గరుకు చేసి, వెనిగర్లో ఉప్పూ నవాసాగరమూ కలిపి పాత టూత్‌బ్రష్షుతో చిలకరించేవారు. తరవాత ఒక పళ్ళెంలో నవాసాగరం పొడి, తాంబూలానికి వాడే తడి సున్నం కలిపి పక్కన పెట్టి, రెండిటి మీదా ప్లాస్టిక్ టబ్బు బోర్లించేవారు. ఆ రెండూ కలిసిన క్షణం నుంచి లోపల అమ్మోనియా. టబ్బు అంచు కొంచెం లేచినా కళ్ళమ్మట నీళ్ళే. మొదటిసారి ఆ ఘాటు తగిలినప్పుడు నాకు వెలిగింది, నేను పరీక్షలో తప్పిన ప్రశ్న ఇదే! ల్యాబ్‌లో అమ్మోనియా తయారుచేయు విధానము, పటము గీయుము. నాలుగు మార్కులు. పుస్తకంలో దానికి వాసన లేదు మరి.

మూడో నాడు గోధుమ రంగు. అయిదో నాడు అక్కడక్కడా పచ్చటి చుక్కలు. తరవాత అవి కలుసుకుని, పొక్కి, మధ్యలో నీలం తిరుగుతుంది. వెనిగర్ పాలెక్కువైతే ఆకుపచ్చ వైపు, అమ్మోనియా ఎక్కువైతే నీలం వైపు. కావలసిన రంగు వచ్చాక కడిగి, ఆరబెట్టి, తేనెమైనం రాసి ఆపేసేవారు. వాన ముందు సముద్రం ఏ రంగులో ఉంటుందో ఆ రంగు నేను ఇత్తడి మీద చూశాను. పెయింటుతో అది రాదు.

లోహం కోసం ఏడాదికొకసారి బుడితి వెళ్ళేవాళ్ళం. శ్రీకాకుళం జిల్లా సరవకోట దగ్గర ఆ ఊరు ఇత్తడికీ కంచుకీ పెట్టింది పేరు. బస్సులు మారి, తల నిండా దుమ్ముతో దిగేవాళ్ళం. చెంబులూ గంటలూ పోత పోసే ముసలాయన మాస్టారు గీసిన కెరటం బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి "ఏటి బావూ, ఇది తిన్నగా ఉండదేటి? నీల్లు పోస్తే నిలవ్వు కదా" అన్నాడు. మాస్టారు "నీళ్ళు పోయడానికి కాదు బాబూ, నీళ్ళే అది" అన్నారు. ఆయనకి నచ్చలేదు. పోతేమో అద్భుతంగా పోసి ఇచ్చాడు.

గాజునీ ఇత్తడినీ బిగించేటప్పుడు మధ్యలో బియ్యపుగింజంత సందు వదలాలి. ఎండకి ఇత్తడి సాగినంత గాజు సాగదు, బిగుతుగా పెడితే వేసవిలో గాజు చిట్లుతుంది. ఆ సందు కొలవడానికి మాస్టారి జేబులో నిజంగానే నాలుగు బియ్యపుగింజలుండేవి, కాగితంలో మడిచి. స్కేలు ఎందుకు వాడరో నేనెప్పుడూ అడగలేదు.

* * *

ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక బోటు ఓనరు వచ్చాడు, కొత్త ఇంటి హాల్లో గాజు కోనాం కావాలని. రెండడుగుల చేప, కింద కెరటం. మాస్టారు నెలరోజులు చేసి చూపించారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని రెండుసార్లు చుట్టూ తిరిగి, "బాగుంది మాస్టారూ. కానీ తోక దగ్గర బుల్లి బుల్లి రెక్కలుంటాయి కదా, ఏవీ? ఇది కోనాం కాదు, కోనాం లాంటిది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మాస్టారు మాత్రం మర్నాడు తెల్లారకుండానే నన్ను హార్బర్‌కి లాక్కెళ్ళారు. చేపల వేలంపాట జరుగుతోంది, కాళ్ళ కింద ఐసు నీళ్ళు, గంపలు మోసేవాళ్ళ అరుపులు. అక్కడ ఒక కోనాం పక్కన గొంతుక్కూర్చుని ఆ బుల్లి రెక్కలు లెక్కపెట్టారు, పైన వరసా కింద వరసా. చేపని కొనకుండా లెక్కపెడుతున్నందుకు ఒకావిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

కెరటం పలక మళ్ళీ కాల్చాల్సి వచ్చింది. నామంసుద్ద పూసిన అరమీద సీసాగాజు ముక్కలు పేర్చి 800 డిగ్రీల దాకా వేడి చేసి, 550 దగ్గర నిలబెట్టి, అక్కణ్ణుంచి మెల్లిగా, రెండు రాత్రులూ ఒక పగలూ చల్లార్చాలి. కరెంటు పోతే దేవుడే దిక్కు. రెండో రాత్రి కాపలా నాది. తెల్లవారుజామున సూది 200కి దిగింది. ఇంక ఏమవుతుందిలే, ఒక్కసారి చూద్దామని మూత అంగుళం ఎత్తాను. తెరిచి ఉన్న కిటికీలోంచి సముద్రపు గాలి చల్లగా వచ్చింది.

టింగ్.

అంతే. చిన్న చప్పుడు. చెంచా గ్లాసుకి తగిలినట్టు.

మాస్టారు వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నాను. ఆయన మూత ఎత్తి చూశారు. పలక ఈ మూల నుంచి ఆ మూలకి రెండు ముక్కలు. మూత మళ్ళీ పెట్టేసి, టీ చెప్పించి, నాకో గ్లాసిచ్చి, ఒక్క మాటా అనలేదు. ఆ రోజుకి. ఆ తరవాత ఆరు నెలల పాటు షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ "ఈ అబ్బాయేనండీ, రెండొందల డిగ్రీల దగ్గర మూత తీసింది" అని పరిచయం చేశారు. పోస్టుమాన్‌కి కూడా.

* * *

మూడేళ్ళు పనిచేశాను. కెమిస్ట్రీ పాసయ్యాను. తరవాత బిల్డింగులకి అద్దాలు బిగించే కంపెనీలో ఉద్యోగమొచ్చి హైదరాబాద్ వచ్చేశాను. గాజు పనే కానీ గాజుని ముట్టుకునే పని కాదు, కొలతలూ బిల్లులూ.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. గంటకి 180 కిలోమీటర్ల గాలి. ఫోన్లు కలవలేదు. మూడో రోజుకి ఎలాగో ఊరు చేరాను. ఇంటి దగ్గర అందరూ క్షేమం. షెడ్డుకెళ్తే పైకప్పు లేదు. మాస్టారు లేరు. పక్కావిడ "సంచీ పట్టుకుని బీచ్ రోడ్డుకెళ్ళారు బాబూ" అంది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, జనం పాల ప్యాకెట్ల కోసం క్యూలు కట్టి ఉంటే, డెబ్భై దాటిన మనిషి పడిపోయిన చెట్ల మధ్య వంగి గాజు పెంకులు ఏరుకుంటున్నారు. ఊళ్ళో కిటికీలన్నీ రోడ్డు మీదే ఉన్నాయి. టఫెన్డ్ గ్లాసు పటికబెల్లం ముక్కల్లా, మామూలు అద్దం కత్తుల్లా. ప్రతి సంచీలో ఎక్కడ ఏరిందో రాసిన చీటీ.

"ఒరే, సరిగ్గా వచ్చావు. ఇది పట్టుకో" అన్నారు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

అవన్నీ కలిపి ఒక పలక చేయాలని ఆయన పట్టుదల. రకరకాల ఫ్యాక్టరీల గాజు, ఒకటి సాగినంత ఇంకోటి సాగదు. కలిపి కాలిస్తే పైకి బాగానే ఉంటుంది, వారానికో నెలకో చిట్లుతుంది. అందుకని రెండేసి ముక్కలు అతికించి పరీక్ష చేసేవారు. రెండు పోలరాయిడ్ ఫిల్ములు అడ్డంగా పెడితే వెలుతురు ఆగిపోయి చీకటిగా ఉంటుంది. మధ్యలో గాజు ముక్క పెట్టినప్పుడు, అతుకు చుట్టూ తెల్లటి వెలుగు కనపడితే ఆ జత పనికిరాదు. "దీనికి టెన్షన్ ఉందిరా" అని పక్కన పడేసేవారు. ఒకసారి ఆ ఫిల్ములు నా మొహానికి అటొకటి ఇటొకటి పెట్టి చూసి "నువ్వూ పనికిరావు" అన్నారు. నాకప్పుడు ఇంటి లోను, ఆఫీసులో టార్గెట్లు. ఎలా తెలిసిందో.

ఆ పలక పూర్తవడానికి ఏడాది పైనే పట్టింది. తుపాను కన్ను, చుట్టూ తిరిగే గాజు. అది ఎవరికీ అమ్మలేదు. ఇప్పుడు బెంగుళూరులో వాళ్ళమ్మాయి ఇంట్లో ఉంది. ఫొటో పంపింది. ఫొటోలో ఏమీ తెలీదు.

మాస్టారు పోయాక ఒకసారి ఆ సందులోకి వెళ్ళాను. షెడ్డు ఉన్న చోట టూవీలర్ మెకానిక్. గచ్చు మీద నూనె మరకల కింద, టబ్బులు బోర్లించిన చోట, పచ్చటి గుండ్రాలు ఇంకా రెండున్నాయి.

* * *

మా పెళ్ళికి మాస్టారు ఒక దీపం ఇచ్చారు. కింద బుడితి ఇత్తడి కెరటం, పైన గాజు బుడ్డీ, లోపల జెల్లీఫిష్ మీసాలు. కెరటానికి చిలుము నాలుగు నెలలు పట్టించారట, పొర మీద పొర. అలాంటి నీలం ఆయన దగ్గర కూడా నేనెప్పుడూ చూడలేదు.

గృహప్రవేశానికి ముందు రోజు మా అమ్మ దాన్ని చూసింది. "పాపం అన్నయ్యగారు, తీరిక లేక తోమకుండానే ఇచ్చేశారు" అని చింతపండు వేసి, ముగ్గుపిండి వేసి, గంటసేపు తోమింది. బంగారంలా మెరిసిపోయింది. నేను చూసేసరికి ఎండలో బోర్లించి ఉంది.

మాస్టారు భోజనానికొచ్చారు. హాల్లో దీపం వంక ఒకసారి చూశారు. అమ్మ ఎంతో మురిపెంగా "ఎలా ఉందన్నయ్యగారూ?" అంది. "చాలా బాగా తోమావమ్మా" అన్నారు. రెండోసారి మజ్జిగ పోయించుకుని తిన్నారు. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ నాతో మాత్రం మెల్లిగా "సముద్రం పక్కనే ఉన్నారుగా, అదే వస్తుందిలేరా" అన్నారు. అప్పటికే నా పెట్టెలు హైదరాబాద్ బస్సెక్కడానికి సర్ది ఉన్నాయని ఆయనకి తెలుసు.

హైదరాబాద్‌లో రాలేదు. ఇక్కడి గాలికి గోధుమ రంగే వస్తుంది, అక్కడే ఆగుతుంది.

ఆ రోజు కళాయి పెద్దాయన్ని నవాసాగరం కొంచెం ఇమ్మని అడిగాను. "దేనికి సాబ్? కళాయికా?" "చిలుం పట్టించడానికి" అన్నాను. ఆయన కుర్రాడి వంక చూశాడు, కుర్రాడు నా వంక చూశాడు. "చిలుం పోగొట్టనీకే గద సాబ్ మేముండేది" అంటూనే ఒక గడ్డ కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి దీపం కిందికి దించాను. కెరటం మడతలో, అమ్మ చింతపండు పీచు చేరని చోట, గీతంత నీలం ఇంకా ఉంది. వెనిగర్, ఉప్పు, పాన్‌షాపు నుంచి సున్నం. బాల్కనీలో టబ్బు బోర్లించాను. "ఏమిటండీ ఈ కంపు?" అని మా ఆవిడ కిటికీలు మూసేసింది. ఇవాళ్టికి రెండో రోజు. మా వాడు పొద్దుట్నించీ టబ్బు చుట్టూ తిరుగుతున్నాడు, ఒక్కసారి ఎత్తి చూస్తా నాన్నా అని.

టబ్బు మీద రెండు ఇటుకలు పెట్టాను.